మధురపూడిలో ఆగిపోయిన విమానం: మనకు రావలసిందెంత, అడగవలసిందెలా

సాయంత్రం ఐదింటి విమానం కోసం మలికిపురం నుంచి మధ్యాహ్నం పన్నెండున్నరకే కారులో బయలుదేరాం. రాజోలు, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి, రాజమండ్రి ఊరు చుట్టి మధురపూడి ఎయిర్‌పోర్టు చేరేసరికి మూడు కావస్తోంది. మా చిన్నాన్న గారి అమ్మాయి మస్కట్‌లో పనిచేస్తుంది. నెల రోజుల సెలవు అయిపోయి తిరుగు ప్రయాణం. ఇక్కడి నుంచి హైదరాబాద్, అర్ధరాత్రి దాటాక శంషాబాద్ నుంచి మస్కట్. మధ్యలో చాలినంత టైముందని ఏజెంటు ధైర్యం చెప్పాడు.

నాలుగున్నరకి బోర్డు మీద టైము ఆరుంపావుకి మారింది. తర్వాత ఏడున్నర అన్నారు. ఏడింటికి కౌంటర్‌లో అమ్మాయి వచ్చి, ఈ రోజుకి విమానం రాదండి అని చెప్పింది. మా చెల్లి ఏడుపు ఆపుకుంటూ నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, మరి మస్కట్ టికెట్టు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత మూడు నెలల పాటు నియమాలు చదివి, మెయిళ్లు రాసి, ఫిర్యాదులు పెట్టి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మన కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు వైపు కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లే మనిషి లేని వీధి ఉండదు. అమెరికా నుంచి పిల్లలు వచ్చే ఇళ్లు భీమవరం చుట్టూ ఎన్నో. అయినా విమానం ఆగిపోతే మనకు ఏం రావాలో తెలిసినవాళ్లు చాలా తక్కువ. తెలియకపోవడం వల్ల డబ్బు ఎక్కువగా పోయేది కూడా నెల జీతం లెక్క పెట్టుకుని టికెట్టు కొనేవాళ్లదే.

ముందు ఏం జరిగిందో పేరు పెట్టాలి

మన దేశంలో ఈ వ్యవహారాన్ని నడిపేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. ప్రయాణికులకు ఏం ఇవ్వాలన్న నియమాలను 2010లో తెచ్చింది, తర్వాత కొన్నిసార్లు సవరించింది. ఆ నియమాల ప్రకారం విమానం ఎక్కలేకపోవడం మూడు రకాలు. విమానం ఆలస్యం కావడం ఒకటి, రద్దు కావడం రెండోది. మూడోది, విమానం వెళ్తున్నా, మన దగ్గర ఖాయమైన టికెట్టు ఉన్నా, టైముకి వచ్చినా, సీట్లకు మించి టికెట్లు అమ్మినందువల్ల మనల్ని ఎక్కించుకోకపోవడం. బయట నిలబడ్డ మనిషికి మూడూ ఒకటే బాధ. నియమం దృష్టిలో మాత్రం వాటికి ఒకదానితో ఒకటి పోలిక లేదు.

చాలామందికి తెలియని సంగతి ముందే చెప్పేస్తాను. ఆలస్యానికి డీజీసీఏ నియమాల్లో నగదు పరిహారం లేదు. ఐదు గంటలు కూర్చోబెట్టినా ఇంత డబ్బు అని రాసి లేదు. యూరప్‌లో ఉంది, ఆ సంగతి కిందకి వస్తాను. మన దగ్గర ఆలస్యానికి దొరికేవి తిండి, బస, రీఫండ్. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి విమానం రెండు గంటలు ఆలస్యమైతే భోజనమో, ఫలహారమో ఉచితంగా పెట్టాలి. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే ఆలస్యం మూడు గంటలు దాటాలి, అంతకు మించిన దూరమైతే నాలుగు గంటలు. మధురపూడి నుంచి హైదరాబాద్ గంటకు కాస్త ఎక్కువ, కాబట్టి మనకు వర్తించేది రెండు గంటల లెక్క. మాకు ఆ రోజు ఎవరూ ఏమీ పెట్టలేదు. మేమూ అడగలేదు. అడగాలని తెలియదు.

దేశంలో తిరిగే విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి రీఫండో కోరుకునే హక్కు ప్రయాణికుడిది. ఆలస్యం 24 గంటలు దాటినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా హోటల్లో గది ఇవ్వాలి, అక్కడికి తీసుకెళ్లి తీసుకురావాలి. గల్ఫ్ విమానాలు శంషాబాద్ నుంచి ఎక్కువగా ఆ వేళల్లోనే బయలుదేరతాయి. అందుకని మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన నియమం ఇది. రాత్రంతా ఎయిర్‌పోర్టు నేల మీద చున్నీ పరుచుకుని పడుకున్న ఆడవాళ్లను నేను చూశాను. వాళ్లలో కొందరికైనా ఆ రాత్రి గది వచ్చే హక్కు ఉండి ఉంటుంది.

రద్దయితే లెక్క ఎలా కడతారు

రద్దు విషయంలో అంతా మనకు ఎప్పుడు చెప్పారన్న దాని మీద ఆధారపడుతుంది. రెండు వారాల ముందే చెప్పి, వేరే విమానమో రీఫండో ఇస్తే విమాన సంస్థ బాధ్యత తీరిపోయినట్టే. రెండు వారాల లోపు, కానీ బయలుదేరడానికి 24 గంటల ముందే చెప్పినా అంతే: వేరే విమానం లేదా రీఫండ్, పరిహారం లేదు. ఆ గడువు కూడా దాటిపోయాక చెబితేనో, అసలు చెప్పకపోతేనో అప్పుడు పరిహారం ప్రశ్న వస్తుంది.

అప్పుడు కూడా నియమం మన ముందు రెండు దారులు పెడుతుంది. మనకు సమ్మతమైన వేరే విమానం తీసుకోవడం ఒకటి. పూర్తి రీఫండ్, దానితో పాటు పరిహారం తీసుకోవడం రెండోది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చదవండి. ఫోనుకి ఒక లింకు వస్తుంది, నొక్కితే రేపటి విమానానికి మార్చుకోవచ్చు అని. కంగారులో అది నొక్కేస్తాం. నొక్కితే వేరే విమానానికి ఒప్పుకున్నట్టే, ఇక పరిహారం అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. రేపు వెళ్లినా పనవుతుందనుకుంటే నొక్కండి, తప్పులేదు. పని ఈ రాత్రికే ఉంటే మాత్రం రెండో దారి గురించి ఆలోచించాకే వేలు పెట్టండి.

పరిహారం ఎంతన్నది విమానం ఎంతసేపు ప్రయాణిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. గంట వరకు ప్రయాణమైతే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలైతే 7,500, రెండు గంటలు దాటితే 10,000. కానీ పక్కనే ఇంకో మాట ఉంది: ఈ మొత్తమా, ఒకవైపు టికెట్టులోని బేస్ ఫేరూ (అసలు చార్జీ) ఇంధన చార్జీ కలిపిన మొత్తమా, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఎయిర్‌పోర్టు ఫీజులు, పన్నులు ఈ లెక్కలోకి రావు.

మా చెల్లి టికెట్టు మొత్తం 4,350. అందులో బేస్ ఫేరు, ఇంధన చార్జీ కలిపితే 3,450. మా ప్రయాణం గంట దాటినది కాబట్టి 7,500 వస్తుందని నేను సంబరపడ్డాను. తక్కువది ఏదో అదే ఇస్తారు కనుక 3,450 మాత్రమే. రీఫండ్ 4,350 వేరు. అదే సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే టికెట్టు, బేస్ ఫేరే తొమ్మిది వేలు పెట్టి కొన్నారనుకోండి, అది రద్దయితే 7,500 దగ్గర ఆగుతుంది. చవక టికెట్టుకి చవక పరిహారం, ఖరీదు టికెట్టుకి పైన మూత. ఈ నియమం రాసినవాళ్లు ప్రయాణికుడికి జరిగిన నష్టాన్ని చూడలేదు, టికెట్టు ధరని చూశారు. విమానం అందక ఉద్యోగం పోయే మనిషికైనా, సరదాకి వెళ్లే మనిషికైనా ఒకటే లెక్క. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ ఉన్న నియమం ఇదే, దీని కిందే అడగాలి. మిగతా నష్టానికి వేరే దారి ఉంది.

సీట్లు ఎక్కువ అమ్మి ఎక్కించుకోని సందర్భంలో లెక్క కాస్త మెరుగ్గా ఉంటుంది. ముందు ఎవరైనా తమంతట తాము ఆగిపోతారా అని అడగాలి. ఎవరూ ఒప్పుకోక మనల్ని ఆపేస్తే, అసలు టైము నుంచి గంట లోపు బయలుదేరే వేరే విమానంలో పంపితే ఏమీ రాదు. 24 గంటల లోపు పంపితే బేస్ ఫేరు, ఇంధన చార్జీలకు రెండింతలు, గరిష్ఠం 10,000. ఆ పైన ఆలస్యమైతే నాలుగింతలు, గరిష్ఠం 20,000. వేరే విమానం వద్దంటే పూర్తి రీఫండ్‌తో పాటు నాలుగింతలు, అదే 20,000 పరిమితితో. అయితే మనం టైముకి రిపోర్టు చేసి ఉండాలి. రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని కౌంటర్ మూసేశాక వస్తే అది వేరే కథ.

పరిహారాన్ని నగదుగానో, బ్యాంకు ఖాతాకో ఇవ్వాలి. వోచరు ఇవ్వాలంటే మనం సంతకం పెట్టి ఒప్పుకోవాలి. రీఫండ్‌కి బదులు, మళ్లీ ఎప్పుడైనా ఎక్కండి అని డబ్బును తమ ఖాతాలోనే ఉంచుకోవడం కూడా మన ఇష్టం మీదే జరగాలి. ఇంకో చిన్న సంగతి: రీఫండ్ లేని టికెట్టు కొని, మనమే వెళ్లకపోయినా, అందులోని పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి ఇవ్వాల్సిందే.

కారణం ఎవరు చెబుతారు

పరిహారం ఎగ్గొట్టడానికి సంస్థలకు ఉన్న పెద్ద తలుపు ఒకటే: "మా చేతుల్లో లేని కారణం." నియమంలో ఆ కారణాలు రాసి ఉన్నాయి. ప్రకృతి విపత్తు, వరద, అల్లర్లు, సమ్మె, ప్రభుత్వ ఆదేశం, భద్రత ముప్పు, వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అడ్డంకి లాంటివి. అది కూడా, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా తప్పించుకోలేని సంఘటన అయ్యుండాలి. ఆ జాబితాలో సాంకేతిక లోపం అన్న మాట కనిపించదు. పైలట్లు చాలలేదు అన్న మాటా కనిపించదు.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో విమానాలు ఆపేస్తే పరిహారం అడగడం ధర్మం కాదు, అడిగినా రాదు. మన గోదావరి జిల్లాలవాళ్లకి తుపానంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే పరిహారం రాదంటే టికెట్టు డబ్బు కూడా పోయిందనుకుని ఊరుకుంటున్నారు, అది తప్పు. రద్దయిన విమానానికి రీఫండో, వేరే విమానమో అడిగే హక్కు తుపాను వచ్చినా పోదు. ఎయిర్‌పోర్టుకి వచ్చి కూర్చున్నవాళ్లకి తిండి పెట్టే బాధ్యతా పోదు.

ఈ తేడాని సుప్రీంకోర్టు 2011లోనే విడమరిచి చెప్పింది. ఆ కేసు మన తెలుగు నేల మీద మొదలైందే. 2007 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావలసిన ఒక ప్రయాణికుడు, పొగమంచు వల్ల గంటల తరబడి విమానం సీట్లోనే కూర్చోవలసి వచ్చింది. హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్ 10,000 పరిహారం, 2,000 ఖర్చులు ఇవ్వమంది. సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది, పొగమంచు సంస్థ తప్పు కాదని. కానీ ఆలస్యం ఎవరి తప్పు కాకపోయినా, చవక విమానమైనా సరే, లోపల చిక్కుకున్నవాళ్ల కనీస అవసరాలు చూడటం సంస్థ బాధ్యతేనని అదే తీర్పులో చెప్పింది. టికెట్టు మీద, వివాదాలన్నీ ఢిల్లీ కోర్టుల్లోనే అని రాసుకున్న షరతు కూడా హైదరాబాద్ లోక్ అదాలత్‌ని ఆపలేకపోయింది.

2025 డిసెంబర్ మొదటి వారంలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. పైలట్ల విశ్రాంతి నియమాలు కట్టుదిట్టమయ్యాయి. వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గాయి. వాటికి సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోని ఇండిగో వేల విమానాలను రద్దు చేసింది. డిసెంబర్ 5న ఒక్క రోజే వెయ్యికి పైగా. ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ కష్టం కాదు. నియమాలు వస్తున్నాయని చాలా ముందే తెలుసు. రద్దయిన విమానాలకి నిబంధనల ప్రకారం 5,000 నుంచి 10,000 వరకు పరిహారం ఇస్తామని, బాగా ఇబ్బంది పడ్డవాళ్లకి అదనంగా 10,000 విలువైన వోచర్లు ఇస్తామని ఆ సంస్థే చెప్పింది. దేశమంతా గొడవ అయితే పరిహారం దానంతట అదే వచ్చింది. ఒక్క విమానం ఆగి డెబ్బై మంది మధురపూడిలో చిక్కుకుంటే మాత్రం ఎవరికి వారే అడిగి తెచ్చుకోవాలి.

అందుకే కారణం కాగితం మీద ఉండాలి అంటాను. మా విషయంలో ఇది ఎలా జరిగిందో చెబుతాను. రద్దని చెప్పాక జనం కౌంటర్ మీద పడ్డారు, అరుపులు, కేకలు. మా వెనక ఒక పెద్దాయన ఉన్నారు. ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైనట్టున్నారు. ఆయన గొంతు పెంచకుండా, "అమ్మా, మా ఆఫీసులో చూపించుకోవాలి, విమానం ఎందుకు రాలేదో రెండు ముక్కలు రాసి ముద్ర వెయ్యి తల్లీ" అని అడిగారు. ఆ అమ్మాయి వేసిచ్చింది. అది చూసి నేనూ రాయించుకున్నాను. "సాంకేతిక కారణం వల్ల రద్దు" అని ఇంగ్లిషులో రెండు లైన్లు, తేదీ, ముద్ర.

పదిహేను రోజుల తర్వాత మా మెయిల్‌కి జవాబు వచ్చింది. ప్రతికూల వాతావరణం వల్ల రద్దయింది కాబట్టి పరిహారం వర్తించదు అని. ఆ రోజు మధురపూడిలో ఆకాశం అద్దంలా ఉంది. అదే సాయంత్రం వేరే ఊరి విమానం దిగి, మళ్లీ ఎగిరింది, మేమంతా అద్దాల్లోంచి చూశాం. కౌంటర్ కాగితం ఫొటో తీసి జవాబుగా పంపాను. వారం రోజుల తర్వాత 3,450 ఖాతాలో పడింది, మాట మార్చినందుకు ఒక్క ముక్క వివరణ లేకుండా.

రాసివ్వమంటే ఇవ్వరు అనుకుంటే, కనీసం బోర్డు ఫొటో, ఫోనుకొచ్చిన మెసేజీలు, ఆ సమయంలో అక్కడ దిగిన ఇతర విమానాల వివరాలు దాచుకోండి. విమానాల కదలికలు చూపించే వెబ్‌సైట్లు ఫోన్లోనే దొరుకుతాయి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే చాలు. కానీ ముందు అడగండి. మర్యాదగా అడిగితే కింది ఉద్యోగులు చాలాసార్లు నిజమే రాస్తారు. అబద్ధం పుట్టేది ఎక్కడో దూరాన, పది రోజుల తర్వాత.

ఒక టికెట్టా, రెండు టికెట్లా

మా అసలు నష్టం ఆ 4,350 కాదు. మస్కట్ టికెట్టు 16,800. ఏజెంటు దాన్ని వేరే సంస్థలో విడిగా కొన్నాడు. హైదరాబాద్ టికెట్టుకి ఒక పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు), మస్కట్ టికెట్టుకి ఇంకొకటి. మొదటి విమానం రాలేదు కాబట్టి రెండోది అందలేదు. రెండో సంస్థ లెక్కలో మా చెల్లి రాని ప్రయాణికురాలు. వాళ్ల తప్పేమీ లేదు, నిజానికి. పన్నుల మేరకు కొంత వెనక్కి వచ్చింది, మిగతాదంతా పోయింది. మూడు రోజుల తర్వాతి టికెట్టుకి 23,500 పెట్టాం.

మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉండి ఉంటే కథ పూర్తిగా మారిపోయేది. ఒకే టికెట్టు మీద కనెక్టింగ్ విమానం తప్పిపోయినవాళ్లకి వేరే విమానం, లేదా రీఫండ్‌తో పాటు పరిహారం అని డీజీసీఏ నియమమే చెబుతోంది. దానికన్నా పెద్ద అండ ఇంకోటి ఉంది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారత్ 2009లో చేరింది. ఒమన్, కువైట్, యూఏఈ, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ అన్నీ అందులో ఉన్నాయి. అంతర్జాతీయ ప్రయాణంలో ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి సంస్థే బాధ్యత వహించాలని, తప్పించుకోవడానికి తగిన చర్యలన్నీ తీసుకున్నామని రుజువు చేసుకోవలసింది కూడా సంస్థేనని అది చెబుతుంది. ఊరికే ఇంత మొత్తం అని ఇవ్వరు. జరిగిన నష్టం బిల్లులతో చూపించాలి. ఒక ప్రయాణికుడికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 6,303 ఎస్‌డీఆర్. అది అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క ప్రమాణం, మన రూపాయల్లో ఏడు లక్షలు దాటుతుంది.

రాజమండ్రి నుంచి మస్కట్ వరకు ఒకే ఒప్పందంగా టికెట్టు కొంటే, రాజమండ్రి–హైదరాబాద్ ముక్క కూడా ఆ అంతర్జాతీయ ప్రయాణంలో భాగమే. విడివిడిగా కొంటే ఆ ముక్క వట్టి లోకల్ ప్రయాణం, ఆ అండ అంతా పోతుంది. రెండు టికెట్లు విడిగా కొంటే వెయ్యో, రెండు వేలో మిగులుతాయి. అది మిగలడం నిజమే. మాకూ 1,900 మిగిలింది. విడిగా కొనక తప్పకపోతే, ముందు రోజే హైదరాబాద్ చేరి ఎవరో బంధువుల ఇంట్లో పడుకోవడం మేలు. గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లోనో, రాత్రి బస్సులోనో వెళ్లినా సరే.

ఏజెంట్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది, ఇది మన వైపు మరీ ఎక్కువ. టికెట్టు తీసేటప్పుడు ఏజెంట్లు తమ ఫోను నంబరే ఇస్తారు. అరవై టికెట్లకీ ఒకే నంబరు. రద్దు మెసేజీ అతనికి వస్తుంది, అతను చూసేసరికి మనం ఎయిర్‌పోర్టులో ఉంటాం. సరైన ఫోను నంబరు, మెయిల్ ఇవ్వని ప్రయాణికులకి పరిహారం ఇవ్వనక్కర్లేదని నియమంలోనే ఉంది. కాబట్టి టికెట్టు చేతికొచ్చిన రోజే ఆ పీఎన్ఆర్‌ని సంస్థ వెబ్‌సైట్‌లో తెరిచి, మన నంబరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మార్పించండి. ఇంట్లో చదువుకున్న పిల్లలున్నవాళ్లు ఊళ్లో మిగతావాళ్లకి ఈ ఒక్క పని చేసిపెట్టినా ఎంతో మేలు.

యూరప్ సంగతి చెబుతానన్నాను. యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి బయలుదేరే ఏ విమానానికైనా, అక్కడికి వెళ్లే యూరప్ సంస్థల విమానాలకైనా వాళ్ల చట్టం వర్తిస్తుంది. సంస్థ తప్పు వల్ల గమ్యానికి మూడు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరినా దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల వరకు పరిహారం ఉంటుంది. యూరప్‌లో ఉన్న పిల్లలు అక్కడి నుంచి బయలుదేరి వచ్చే ఇళ్లవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అమెరికా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మీదుగా ఒకే టికెట్టు మీద ఇక్కడికి వచ్చేవాళ్లకి ఇది వర్తించదు. అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా గల్ఫ్ సంస్థల్లో వచ్చేవాళ్లకీ అంతే.

డబ్బు అడిగే వరస

మొదట సంస్థకే రాయాలి. ఫోనులో మాట్లాడితే సాక్ష్యం మిగలదు, మెయిల్ గానీ వెబ్‌సైట్‌లో ఫారం గానీ ఉండాలి. పీఎన్ఆర్, విమానం నంబరు, తేదీ, మనకు రద్దని ఎన్నింటికి చెప్పారు, ఏ కారణం చెప్పారు, ఏ నియమం కింద ఎంత రావాలి, బ్యాంకు ఖాతా వివరాలు. కోపం అక్కర్లేదు, కథ అక్కర్లేదు. జవాబు రాకపోతే ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకి, ఆ పైన అప్పీల్ అధికారికి పంపాలి. వాళ్ల వివరాలు సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అప్పటికీ కదలకపోతే పౌర విమానయాన శాఖ 2016లో మొదలుపెట్టిన ఎయిర్‌సేవ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. అది కోర్టులా తీర్పు చెప్పదు, మన ఫిర్యాదుని సంస్థ ముందు పెట్టి జవాబు రాబడుతుంది. 1915 నంబరుకి ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ కూడా ఇదే తరహా సాయం చేస్తుంది.

కారు కిరాయి, పోయిన రెండో టికెట్టు, హైదరాబాద్‌లో గది అద్దె, పడ్డ మానసిక క్షోభ, ఇవన్నీ డీజీసీఏ లెక్కలోకి రావు. వీటికి వెళ్లవలసింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం మనలాంటివాళ్లకి ఒక పెద్ద మేలు చేసింది. సంస్థ ఆఫీసు ఎక్కడున్నా, ఫిర్యాదీ ఉండే చోటే కేసు వేయవచ్చు. ఢిల్లీ పోనక్కర్లేదు. కాకినాడ, రాజమండ్రి, ఏలూరులలో కమిషన్లు ఉన్నాయి. మన మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో అక్కడే అడిగితే చెబుతారు. మనం కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. ఈ-జాగృతి వెబ్‌సైట్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి.

ఇలాంటి అనుబంధ ఖర్చులు ఇప్పిస్తారా అని నాకూ అనుమానం ఉండేది. 2021లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చదివాక ధైర్యం వచ్చింది. అది రైలు కేసు. జమ్మూ వెళ్లే రైలు నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబానికి శ్రీనగర్ విమానం తప్పిపోయింది. వాళ్లు టాక్సీకి పెట్టిన 15,000, దాల్ సరస్సులో పడవ బసకి కట్టి పోగొట్టుకున్న 10,000, ఆపైన మానసిక వేదనకి, కేసు ఖర్చులకి కొంత రైల్వే ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆలస్యం ఎందుకు జరిగిందో, అది తమ చేతుల్లో లేనిదని చూపించవలసిన భారం సేవ అందించేవాళ్ల మీదే ఉందని కూడా చెప్పింది. విమానానికీ రైలుకీ చట్టాలు వేరైనా, ఆ తర్కం మన కమిషన్ల ముందు వాదించుకోవడానికి పనికొస్తుంది.

మేము మస్కట్ టికెట్టు, కారు కిరాయి, కొత్త టికెట్టుకి పెట్టిన అదనపు డబ్బు అడుగుతూ ఫిర్యాదు వేశాం. చెల్లి మస్కట్‌లో ఉంది, తన తరఫున అధికార పత్రంతో నేను హాజరవుతున్నాను. సంస్థ తరఫు లాయరు రెండు వాయిదాలు అడిగారు. మూడోసారి ఇచ్చిన రాతపూర్వక జవాబులో మళ్లీ వాతావరణం అనే రాశారు. మా వైపు కాగితాల్లో మొదటి పేజీగా, మధురపూడి కౌంటర్ అమ్మాయి రాసిచ్చిన రెండు లైన్లు పెట్టాం. వచ్చే నెల పద్నాలుగున వాదన.